తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు: అల్ట్రాసౌండ్ చిత్రాన్ని మెరుగుపరిచే పద్ధతుల్లో ఏది ఎవరికి?

ఒకే కాలేయం, ఒకే ప్రోబ్, ఒకే క్షణంలో నమోదైన ప్రతిధ్వనులు. వాటితో ఐదు పద్ధతుల్లో ఐదు చిత్రాలు కట్టి పక్కపక్కన పెడితే ఐదుగురి కాలేయాల్లా కనిపిస్తాయి. ఒకదానిలో నీటితిత్తి మసకగా ఉంటుంది, మరొకదానిలో కాటుక దిద్దినట్టు నల్లగా ఉంటుంది. చూసినవారు నల్లటిదాన్నే మెచ్చుకుంటారు. పరిశోధన వ్యాసాల పట్టికల్లోనూ తరచుగా అదే గెలుస్తుంది. ఆ నలుపు శరీరంలోంచి వచ్చిందా, లెక్కలోంచి వచ్చిందా అని అడిగేవారు తక్కువ.

ఛానల్ డేటా (ప్రోబ్‌లోని ఒక్కో ఎలిమెంటు విడిగా నమోదు చేసిన సంకేతాలు) చేతిలో పెట్టుకుని ఏ బీమ్‌ఫార్మింగ్ పద్ధతి వాడాలో తేల్చుకోలేని ఇంజినీర్లు, ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ప్రధానంగా ఇది రాస్తున్నాను. యంత్రం కొనబోతూ ‘అడాప్టివ్’ అన్న మాట విని ఆలోచనలో పడిన వైద్యులకు చివర్లో కొంత చోటు ఉంది.

ముందు అసలు పని ఏమిటో రెండు మాటల్లో. ప్రోబ్ ముఖం మీద సాధారణంగా 128 చిన్న ఎలిమెంట్లు వరుసగా ఉంటాయి. శరీరంలోని ఒక బిందువు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని దగ్గరి ఎలిమెంటును ముందు, దూరపుదాన్ని కాస్త తర్వాత తాకుతుంది. ఆ ఆలస్యాలను లెక్కగట్టి, అన్ని సంకేతాలనూ ఒకే గీత మీదకు తెచ్చి కలపడమే బీమ్‌ఫార్మింగ్. మామూలు పద్ధతిలో ఏ ఎలిమెంటుకు ఎంత విలువ ఇవ్వాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అడాప్టివ్ పద్ధతులు ఆ విలువను వచ్చిన సంకేతాన్ని చూసి, ప్రతి బిందువు దగ్గరా అప్పటికప్పుడు నిర్ణయిస్తాయి. వాటి బలమూ బలహీనతా ఇక్కడే ఉన్నాయి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అందరూ ముందుగా చూసేది రిజల్యూషన్. ఇందులో పెద్ద చిక్కు లేదు. 5 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 0.31 మిల్లీమీటర్లు. లోతు, వాడే ఎలిమెంట్ల వరుస వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉంటే, పక్కపక్కనున్న రెండు బిందువులు దాదాపు 0.46 మిల్లీమీటర్ల దూరం వరకు విడివిడిగా కనిపిస్తాయి. పద్ధతి దీన్ని ఎంత తగ్గించిందో సన్నని తీగలున్న ఫాంటమ్ (శరీరం బదులు పరీక్షకు వాడే నమూనా) మీద కొలవవచ్చు.

చిక్కంతా కాంట్రాస్ట్ దగ్గర ఉంది. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మామూలు పద్ధతిలో వచ్చిన చిత్రాన్ని తీసుకుని, ప్రతి బిందువు ఆంప్లిట్యూడ్‌ను, అంటే సంకేతం బలాన్ని, వర్గం చేయండి. చుట్టుపక్కల కన్నా 20 డెసిబెల్ తక్కువగా ఉన్న తిత్తి ఇప్పుడు 40 డెసిబెల్ తక్కువగా కనిపిస్తుంది. కాంట్రాస్ట్ రెట్టింపయింది! కొత్త సమాచారం మాత్రం రవ్వంత కూడా రాలేదు. చాలా అడాప్టివ్ పద్ధతులు ఈ వర్గం చేసే పనిని తెలిసో తెలియకో కొంత లోపల దాచుకుంటాయి. 2019లో ఓస్లో పరిశోధకులు ఈ సంగతినే గట్టిగా ఎత్తిచూపారు: ఎన్నో పద్ధతులు డైనమిక్ రేంజిని (అతి మసకకూ అతి వెలుగుకూ మధ్య అంతరాన్ని) సాగదీస్తున్నాయి, ఆ సాగతీతే కాంట్రాస్ట్ పెరిగినట్టు భ్రమ కలిగిస్తోంది అని. 2020లో వచ్చిన సాధారణీకృత కొలమానం, ‘జీసీఎన్ఆర్’ అని పిలిచేది, దీనికి మంచి విరుగుడు. తిత్తి లోపలి విలువలు, బయటి విలువలు ఎంత మేరకు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో అది చూస్తుంది. వర్గం చేసినా, లాగరిథమ్ తీసినా దాని విలువ మారదు.

మూడోది స్పెకిల్. కాలేయం చిత్రంలో కనిపించే ఆ గరుకుదనాన్ని చాలామంది శబ్దదోషం (నాయిస్) అనుకుంటారు. వైద్యుడి కన్ను కణజాలాన్ని గుర్తుపట్టేది సగం దాని ద్వారానే, గుండె కండరం కదలికను కొలిచే సాఫ్ట్‌వేర్ అనుసరించేదీ దాన్నే. పూర్తిగా ఏర్పడిన స్పెకిల్‌లో ఆంప్లిట్యూడ్ సగటును దాని ప్రామాణిక విచలనంతో భాగిస్తే 1.91 రావాలి. వర్గం చేసిన చిత్రంలో అది 1కి పడిపోతుంది. మీ పద్ధతిలో ఈ సంఖ్య 1.91 నుంచి దూరం జరిగితే, అది చిత్రం స్వభావాన్నే మారుస్తోందని అర్థం. అది ఎప్పుడూ తప్పు కాదు, కానీ తెలిసి ఉండాలి.

నాలుగోది ధ్వని వేగంలో లోపాన్ని తట్టుకునే శక్తి. నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది దీనికే. యంత్రాలు మెత్తటి కణజాలంలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు పోతుందని అనుకుంటాయి. కొవ్వులో అది 1450 దగ్గర, కండరంలో 1580 దగ్గర ఉంటుంది. పొట్ట గోడలో ఒక ఎలిమెంటు ఎదుట కొవ్వు మరోదాని కన్నా 2 మిల్లీమీటర్లు మందంగా, కండరం ఆ మేరకు పలచగా ఉందనుకోండి. ఆలస్యంలో తేడా 0.11 మైక్రోసెకన్లు. 5 మెగాహెర్ట్జ్ తరంగానికి ఒక ఆవృత్తి 0.2 మైక్రోసెకన్లే, అంటే ఆ రెండు ఎలిమెంట్ల సంకేతాలు కలవాల్సింది పోయి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఫాంటమ్ మీద అద్భుతంగా పనిచేసిన పద్ధతి లావుపాటి మనిషి పొట్ట మీద ఎందుకు చతికిలబడుతుందో దీంతో తెలుస్తుంది.

చివరిది లెక్కల భారం. 128 ఛానళ్లు, సెకనుకు 4 కోట్ల నమూనాలు, ఒక్కోదానికి రెండు బైట్లు వేసుకుంటే సెకనుకు దాదాపు 10 గిగాబైట్లు. బీమ్‌ఫార్మింగ్ మొదలుకాక ముందే ఇంత డేటాను మోయాలి.

ఒక్కో పద్ధతి

*ఆలస్యం సరిదిద్ది కలపడం (డీఏఎస్).* పాతది, సాదాసీదాది, దశాబ్దాలుగా యంత్రాలకు వెన్నెముక. దీన్ని చిన్నచూపు చూడకండి. అన్ని ఎలిమెంట్లకూ సమాన విలువ ఇస్తే మొదటి సైడ్‌లోబ్ (ప్రధాన కిరణం పక్కలకు కారే శక్తి) ప్రధాన కిరణం కన్నా 13 డెసిబెల్ మాత్రమే తక్కువగా ఉంటుంది, తిత్తి లోపలికి బయటి వెలుగు కారుతుంది. అంచుల వైపు విలువ తగ్గిస్తూ హాన్ విండో వేస్తే సైడ్‌లోబ్ 31 డెసిబెల్ కిందికి దిగుతుంది, బదులుగా ప్రధాన కిరణం ఇంచుమించు రెండింతలు లావవుతుంది. బేరం స్పష్టంగా ఉంది, దాచిందేమీ లేదు. ప్రకాశం నిష్పత్తులు నిలుస్తాయి, రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్‌కు కావలసిన ఫేజ్ (తరంగం దశ) చెడదు. కొత్త పద్ధతిని సమర్థించే వ్యాసాల్లో దీన్ని తరచుగా విండో వేయకుండా, ఫోకస్ లేని ఒకే ఒక్క సమతల తరంగంతో నిలబెట్టి ఓడిస్తారు. కాళ్లు కట్టేసి పరుగు పందెం పెట్టినట్టే.

*కోణాలు మార్చి కలపడం.* ఇది అడాప్టివ్ కాదు. అయినా పోలికలో దీన్ని వదిలేస్తే మిగతావన్నీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తాయి. 15 సెంటీమీటర్ల లోతు వరకు వెళ్లి రావడానికి తరంగానికి 195 మైక్రోసెకన్లు పడుతుంది. గీత గీతగా 128 గీతలు పంపితే సెకనుకు 40 ఫ్రేములు. ఫోకస్ లేని సమతల తరంగాన్ని ఒక్కసారి పంపితే 5 వేలకు పైగా ఫ్రేములు వస్తాయి, కానీ చిత్రం పేలవంగా ఉంటుంది. 11 కోణాల్లో పంపి కలిపితే నాణ్యత గణనీయంగా తిరిగొస్తుంది, ఇంకా సెకనుకు 460 ఫ్రేములు మిగులుతాయి. 2009లో పారిస్ బృందం ఈ మార్గాన్ని పటిష్ఠంగా చూపింది. లోపం ఒకటే: కోణాల మధ్య అవయవం కదిలితే సంకేతాలు పొసగవు. కాలేయానికి ఇది చిన్న సంగతి, గుండె కవాటానికి పెద్ద సంగతి.

*మినిమమ్ వేరియన్స్, అంటే కేపన్ పద్ధతి.* 1969లో కేపన్ దీన్ని భూకంప తరంగాల కోసం రాశారు. వైద్య అల్ట్రాసౌండ్‌లో ఇది గట్టిగా వేళ్లూనుకున్నది 2000 తర్వాతే. దీని ఆలోచన అందంగా ఉంటుంది: నేను చూస్తున్న బిందువు నుంచి వచ్చే సంకేతాన్ని ఉన్నదున్నట్టు రానివ్వు, మిగతా దిక్కుల నుంచి వచ్చే శక్తిని వీలైనంత తగ్గించు. అందుకు ఛానళ్ల కోవేరియన్స్ మాత్రికను (ఛానళ్లు ఒకదానితో ఒకటి ఎలా కలిసి మారుతున్నాయో చెప్పే పట్టికను) అంచనా వేసి, దాని విలోమాన్ని కట్టి, విలువలు తేల్చాలి. తీగల ఫాంటమ్ మీద ఫలితం చూస్తే నోరు తెరుచుకుంటుంది. బిందువులు సూదిమొనల్లా వస్తాయి.

కానీ ఒక ప్రతిధ్వని శరీరంలోని మరో ప్రతిధ్వనికి అపరిచితం కాదు. రెండూ పుట్టింది ఒకే స్పందం నుంచి. అలాంటి బంధుత్వం ఉన్న సంకేతాల మధ్య ఈ పద్ధతి పొరబడి అసలు సంకేతాన్నే రద్దు చేసేస్తుంది. దానికి మందు ఎలిమెంట్లను చిన్న ఉపవరుసలుగా విడదీసి సగటు తీయడం, మాత్రిక కర్ణం మీద కొంచెం స్థిరవిలువ కలపడం. ఆ స్థిరవిలువను సగటు శక్తిలో ఒక శాతం దగ్గర మొదలుపెట్టడం పరిపాటి. దాన్ని పెంచుకుంటూ పోతే పద్ధతి మెల్లగా డీఏఎస్‌గా మారిపోతుంది. కాబట్టి ‘మినిమమ్ వేరియన్స్ వాడాం’ అన్న వాక్యం ఒక్కటే ఏమీ చెప్పదు. ఉపవరుస పొడవు ఎంత, కర్ణంపై ఎంత కలిపారు అన్నవి చెప్పాలి. ధ్వని వేగం తప్పితే మొదట దెబ్బతినేదీ ఇదే: నిజమైన సంకేతం అనుకున్న దిక్కు నుంచి రాలేదు గనుక దాన్ని చొరబాటుదారుగా లెక్కిస్తుంది.

భారం సంగతి. ఉపవరుసలో 64 ఎలిమెంట్లుంటే విలోమానికి 64 ఘనం, అంటే 2.6 లక్షల లెక్కలు, అదీ ఒక్క బిందువుకు. 512 ఇంటూ 1024 బిందువుల చిత్రానికి 13,700 కోట్లు. నేటి గ్రాఫిక్స్ ప్రాసెసర్ దీన్ని మోయగలదు. చేతిలో పట్టుకునే బ్యాటరీ పరికరం మోయలేదు.

*కోహెరెన్స్ ఫ్యాక్టర్, దాని దాయాదులు.* ఆలస్యం సరిదిద్దాక ఛానళ్లన్నీ ఒకే మాట చెబుతున్నాయా? చెబితే ఆ బిందువును ఉంచు, లేకపోతే చీకటి చెయ్యి. లెక్క తేలిక, డీఏఎస్ మీద ఒక గుణకారం. అన్ని ఛానళ్లూ ఏకమైతే దీని విలువ 1. ఉత్త శబ్దదోషమైతే 128 ఛానళ్లకు సగటున 128లో ఒకటో వంతు. అసలు తెలుసుకోవలసినది మధ్య విలువ: సరిగ్గా ఫోకస్ అయిన చోట మామూలు స్పెకిల్‌కు ఇది మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది, ఫోకస్‌కు దూరంగా జరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న కాలేయాన్ని కూడా ఈ పద్ధతి కొంత చీకటి చేస్తుంది, అదీ లోతును బట్టి వేర్వేరుగా. మెరిసే బిందువు పక్కనైతే దాని సైడ్‌లోబ్ వల్ల పొందిక చెడి, నిజంగా కణజాలం ఉన్నచోట నల్లటి గుంత పడుతుంది.

దీని ప్రమాదం ఆసుపత్రి ఉదాహరణతో బాగా తెలుస్తుంది. కాలేయంలో కొవ్వు చేరిందా అని చూసేటప్పుడు కాలేయం ప్రకాశాన్ని పక్కనే ఉన్న కుడి మూత్రపిండం కార్టెక్స్ ప్రకాశంతో పోలుస్తారు. ఆ రెంటినీ వేర్వేరు గుణకాలతో గుణించే పద్ధతి ఆ పోలికనే పాడుచేస్తుంది. లావైన పొట్టలో పొందిక ఎలాగూ తక్కువ కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. కొవ్వు కాలేయం ఎక్కువగా కనిపించే మనుషుల్లోనే పద్ధతి ఎక్కువ తప్పు చెబుతుందన్నమాట.

2003లో వచ్చిన జనరలైజ్డ్ రూపం కాస్త ఉదారమైనది, చిన్న చిన్న తేడాలను క్షమిస్తుంది. వాడాలనుకుంటే దానితోనే మొదలుపెట్టండి. గుణకానికి వర్గమూలం తీసి మెత్తబరచడం మరో ఉపాయం. 2009 నాటి ఫేజ్ కోహెరెన్స్ రూపం ఆంప్లిట్యూడ్‌ను వదిలి ఫేజ్‌నే చూస్తుంది. సైడ్‌లోబ్‌లను బాగా అణుస్తుంది, స్పెకిల్ మీద అంతే కఠినంగా ఉంటుంది.

*జంటలుగా గుణించి కలపడం (డీఎంఏఎస్).* మైక్రోవేవ్ రొమ్ము చిత్రీకరణ నుంచి వచ్చి, 2015లో ఇటలీ పరిశోధకుల చేతుల్లో అల్ట్రాసౌండ్‌లో స్థిరపడింది. 128 ఛానళ్లకు 8,128 జంటలు అని భయపడతారు. ప్రతి సంకేతానికీ ప్లస్, మైనస్ గుర్తు నిలిపి వర్గమూలం తీస్తే, మొత్తం వర్గంలోంచి వర్గాల మొత్తం తీసేసి సగం చేస్తే చాలు, జంటలు విడిగా గుణించనక్కరలేదు. గుణకారంతో సంకేతం రెట్టింపు పౌనఃపున్యానికి వెళ్తుంది కాబట్టి నమూనాలు దట్టంగా ఉండాలి. స్వభావంలో ఇది కోహెరెన్స్ కుటుంబానికి మెత్తటి మేనల్లుడు, మంచిచెడ్డలూ ఇంచుమించు అవే.

*షార్ట్ లాగ్ స్పేషియల్ కోహెరెన్స్ (ఎస్ఎల్ఎస్‌సీ).* 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మిగతావన్నీ ప్రకాశానికి మెరుగులు దిద్దుతాయి, ఇది ప్రకాశాన్నే పక్కన పెడుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న ఎలిమెంట్ల సంకేతాలు ఎంత పోలి ఉన్నాయో అదే చిత్రంగా చూపిస్తుంది. నీరు, రక్తం ఉన్నచోట పోలిక ఉండదు, గట్టి కణజాలం ఉన్నచోట ఉంటుంది. అందుకే శబ్దదోషం కమ్మేసిన చిత్రాల్లో, రొమ్ములోని గడ్డ నీటిదా గట్టిదా అన్న ప్రశ్నకు ఇది బాగా పనికొస్తుంది. కానీ కాలేయంలో చుట్టుపక్కల కన్నా కొంచెం ప్రకాశంగా ఉండే హేమాంజియోమా (రక్తనాళాల గడ్డ) ఇందులో కలిసిపోయి కనబడకపోవచ్చు. మామూలు చిత్రం పక్కన రెండో చిత్రంగా పెట్టండి, దాని స్థానంలో పెట్టకండి. ఇది వేరే చిత్రమని ఒప్పుకోవడంలో ఉన్న నిజాయితీ నాకు నచ్చుతుంది.

*న్యూరల్ నెట్‌వర్కులు.* వీటిలో రెండు జాతులున్నాయి. చిత్రాన్ని మింగి చిత్రాన్ని కక్కేవి ఒకటి, మినిమమ్ వేరియన్స్‌లాగా ఛానళ్ల విలువలను మాత్రమే ఊహించేవి ఇంకొకటి. రెండోది నయం. అది వచ్చిన సంకేతాలకు తూకం మాత్రమే మార్చగలదు, లేనిదాన్ని సృష్టించే అవకాశం తక్కువ. మొదటిదానికి శిక్షణలో చూడని గడ్డ ఎదురైతే తనకు తెలిసిన కణజాలంతో పూడ్చేసే ప్రమాదం ఉంది.

ఒక్క చూపులో

| పద్ధతి | రిజల్యూషన్ | ప్రకాశం నమ్మకం | ధ్వని వేగం తప్పితే | లెక్కల భారం |
|---|---|---|---|---|
| డీఏఎస్, విండోతో | మధ్యస్థం | గట్టిది | మసకబారుతుంది, మోసం చేయదు | తక్కువ |
| కోణాల కలయిక | మంచిది | గట్టిది | మసకబారుతుంది | కోణాల సంఖ్యను బట్టి |
| మినిమమ్ వేరియన్స్ | బిందువులకు చాలా మంచిది | ఎంపికలను బట్టి | సంకేతం రద్దవుతుంది | చాలా ఎక్కువ |
| కోహెరెన్స్ ఫ్యాక్టర్ | మంచిది | బలహీనం | నల్ల మచ్చలు | తక్కువ |
| డీఎంఏఎస్ | మంచిది | మధ్యస్థం కన్నా తక్కువ | చీకటి పెరుగుతుంది | మధ్యస్థం |
| ఎస్ఎల్ఎస్‌సీ | మధ్యస్థం | వర్తించదు | పొందిక పడిపోతుంది | ఎక్కువ |
| న్యూరల్ నెట్‌వర్కు | శిక్షణను బట్టి | శిక్షణను బట్టి | ముందే చెప్పలేం | శిక్షణకు ఎక్కువ, వాడకానికి మధ్యస్థం |

మీరు ఎవరైతే ఏది

పొట్ట స్కాన్ల కోసం యంత్రం తయారుచేస్తున్నారా? అడాప్టివ్ విలువల జోలికి వెళ్లేముందు అడాప్టివ్ ఆలస్యాల మీద సమయం పెట్టండి. పక్కపక్క ఛానళ్లను పోల్చి ఆలస్యం తప్పులను దిద్దే ఆలోచన 1988 నాటికే ఉంది. ధ్వని వేగాన్ని రోగిని బట్టి అంచనా వేసి సరిచేస్తే దాని మీద డీఏఎస్ కూడా మెరుగుపడుతుంది, మినిమమ్ వేరియన్స్ కూడా మెరుగుపడుతుంది. ఆలస్యాలు తప్పుగా ఉండగా విలువలతో ఆడుకోవడం పునాది ఒరిగిన ఇంటికి సున్నం వేయడం లాంటిది.

రక్తనాళాలు, డాప్లర్ మీ పని అయితే కోణాల కలయిక, సరళమైన డీఏఎస్. సన్నటి ప్రవాహం బలహీనమైన సంకేతం. కోహెరెన్స్ ఫ్యాక్టర్ దాన్నే ముందు నరుకుతుంది, పైగా ఫ్రేముకు ఫ్రేముకు గుణకం మారుతూ ప్రవాహం లేని చోట కదలిక ఉన్నట్టు చూపించగలదు.

చేతి పరికరం చేస్తున్నవారికి విండో వేసిన డీఏఎస్, కొన్ని కోణాలు, దాని మీద వర్గమూలం తీసిన జనరలైజ్డ్ గుణకం సరిపోతాయి. ఆ గుణకాన్ని ఆపే మీట మాత్రం తప్పక ఇవ్వండి.

ఎంటెక్ ప్రాజెక్టు విద్యార్థులకు ఒక మాట. సొంతంగా యంత్రం కొని ప్రయోగాలు చేద్దామనుకోకండి. గర్భస్థ శిశు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద నమోదు లేనివారికి మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం అమ్మకూడదు. అవసరమూ లేదు. 2016లో ఫ్రాన్స్‌లోని టూర్స్‌లో జరిగిన అల్ట్రాసౌండ్ సమావేశం కోసం, పద్ధతులను పోల్చడానికి విడుదల చేసిన పిక్మస్ డేటాలో మైనస్ 16 నుంచి ప్లస్ 16 డిగ్రీల వరకు 75 సమతల తరంగాలు, 128 ఎలిమెంట్ల సంకేతాలు ఉన్నాయి. ఫాంటమ్, మెడ ధమని రెండూ ఉన్నాయి. యూఎస్‌టీబీ అనే ఉచిత టూల్‌బాక్సులో పై పద్ధతుల్లో చాలావాటికి కోడ్ దొరుకుతుంది. ముందు 1 కోణం, 11 కోణాలు, 75 కోణాలతో డీఏఎస్ కట్టండి. మీరు ఎంచుకున్న పద్ధతి 1 కోణంతో ఇచ్చినదాన్ని 11 కోణాల డీఏఎస్‌తో పోల్చండి. ఆ తర్వాత 1540 బదులు 1500, 1580 పెట్టి మళ్లీ నడపండి. చివరిగా స్పెకిల్ నిష్పత్తి, జీసీఎన్ఆర్ రాయండి. ఈ నాలుగు పనులూ చేశాక మీ పద్ధతి గెలవకపోయినా ప్రాజెక్టు గెలుస్తుంది, నేను పరీక్షకుడినైతే మార్కులు వేస్తాను.

ఇక కొనబోయే వైద్యులకు. ప్రదర్శనకు తెచ్చే సన్నటి యువకుడి మెడ ధమనిని చూసి నిర్ణయించకండి, ఆ మెడ మీద అన్ని యంత్రాలూ బాగుంటాయి. మీ దగ్గరికి వచ్చే లావుపాటి రోగిని, వారి అనుమతితో, స్కాన్ చేయించండి. గెయిన్, లోతు మార్చకుండా మెరుగుదల మీటను వేసి, తీసి చూడండి. పిత్తాశయంలో రాయి ఉన్నవారైతే మరీ మంచిది: మీట వేశాక రాయి వెనుక నీడ అంచు ఎక్కడుంది, తిత్తి వెనుక కనిపించే వెలుగు నిలిచిందా, కాలేయానికీ మూత్రపిండానికీ ఉన్న ప్రకాశ భేదం మారిందా అన్నవి చూడండి. మారితే ఆ మీట ఆపి కూడా చిత్రాన్ని భద్రపరచుకునే వీలుందా అని అడగండి. లేదంటే పాత చిత్రంతో ఈ ఏటి చిత్రాన్ని పోల్చేటప్పుడు మీరు పోలుస్తున్నది రెండు కాలేయాలనా, రెండు సాఫ్ట్‌వేర్లనా అన్నది మీకే తెలియదు.